అప్‌డేట్: పాత జిప్సీ స్టీరింగ్ వణుకు తగ్గింది

గంటకు 50-60 కిలోమీటర్ల వేగంలో గుంత తగిలితే చాలు, మా పాత మారుతి జిప్సీ జీపు స్టీరింగ్ విపరీతంగా వణుకుతోందని అడిగాను కదా, సమస్య తీరింది. అందరికీ థాంక్స్. కింగ్‌పిన్ బేరింగులు (ముందు చక్రం కుడి, ఎడమలకు తిరగడానికి ఆధారమైన బేరింగులు) చూడమన్నవారి మాటే నిజమైంది. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని మెకానిక్ ఊపితే టకటకా ఆడింది. వయసుకి బేరింగులు బాగా అరిగిపోయాయి. కొత్తవి వేసి, షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకులు) సరిచూసి బిగించారు. వీల్ బ్యాలెన్సింగ్‌తో తేడా ఏమీ రాలేదు. స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపుల్ని అణిచే పరికరం) అవసరమే పడలేదు.

బండి అమ్మేయమన్నవారికి ఒక మాట. లీఫ్ స్ప్రింగులు (పట్టీల స్ప్రింగులు), ల్యాడర్ ఛాసిస్ (నిచ్చెన ఆకారపు ఇనుప చట్రం), అన్నీ కంటికి కనిపించేవే. లోపం ఎక్కడుందో చేత్తో పట్టుకుని చూడొచ్చు, పానాలతో విప్పి బాగుచేయొచ్చు. అందుకే ఇదంటే నాకు ప్రాణం. ఇదే వణుకు ఉన్నవాళ్లు టైర్లు మార్చే ముందు ఈ బేరింగులు చూపించండి.