ట్రాక్టర్ డబ్బాకు బ్రేకులు: అవసరమా, దండగా?

వేములపల్లి వడ్లు:
అన్నలూ, మా ఇంట్ల ఒక పంచాయితీ నడుస్తాంది, మీరే తెంపాలె. నాది 45 హెచ్‌పీ ట్రాక్టర్, నాలుగు గీరల డబ్బా. మొన్న సన్నాలు నింపుకొని మిర్యాలగూడ మిల్లుకు పోతుంటే ముంగట ఆటో ఒక్కసారే ఆగింది. ఎడమ గీర బ్రేకు, కుడి గీర బ్రేకు పెడళ్లు రెండు కలిపే ఉన్నయి, గట్టిగనే తొక్కిన. ట్రాక్టర్ ఆగుదామంటాంది, డబ్బా ఆగనిస్తలేదు. ఎనక నుంచి నూకితే ట్రాక్టర్ మూతి పక్కకు మర్రి రోడ్డు దిగింది. ఎవలకేం కాలె. మా బామ్మర్దేమో రేపే డబ్బాకు బ్రేకులు కొట్టియ్యమంటడు. మా బాపు "నలభై ఏండ్ల సంది తోలుతున్న, డబ్బాకు బ్రేకులేందిరా" అని నవ్వుతుండు. మీరేమంటరు?

పాలమూరు స్టీరింగ్:
మీ బాపు దిక్కే నా ఓటు. ఆర్టీసీల బస్సు తోలి రిటైరైనోన్ని, శ్రీశైలం రూట్ల మస్తు తిరిగిన. ఈగలపెంట దాటి డ్యాం దిక్కు దిగే వంకర్ల కాడ మాకు నేర్పింది ఒక్కటే: ఎక్కనీకి ఏ గేరో, దిగనీకి గదే గేరు. దించేది ఇంజన్, ఆపేది బ్రేకు. ఇప్పటి పోరగాండ్లు దిగుడొస్తే న్యూట్రల్ కొట్టి డీజిల్ మిగిలిందని సంబురపడ్తరు. గసుంటోని డబ్బాకు బ్రేకులు కొట్టిస్తే ఇంకింత ఉరికిస్తడు.

నకిరేకల్ పానా:
పెద్దాయనా, ఘాట్ల నీ మాటకు తిరుగులేదు. గని వేములపల్లి కాడ ఘాటేడిది? చదును రోడ్డు మీద ఆటో అడ్డమొస్తే గేరు ఏం జేస్తది?

లెక్క చూడుండ్రి. ట్రాక్టర్ రెండు టన్నులనుకో. డబ్బా టన్నున్నర, అండ్ల వడ్లు నాలుగు టన్నులు. అన్ని కలిపి ఏడున్నర. ఆపేది మాత్రం ట్రాక్టర్ ఎనక గీరలు రెండే, ముంగటి గీరలకు బ్రేకే ఉండదు. అంటే ఒట్టి ట్రాక్టర్ ఆగే దూరానికి నాలుగింతల దగ్గరికి వస్తది. ఇగ స్పీడు 20 నుంచి 40కి పోయిందంటే ఆ దూరం ఇంకో నాలుగింతలు. బాపు నలభై ఏండ్ల కింద తోలిన రోడ్డు గుంతల రోడ్డు, ట్రాక్టర్ చిన్నది, డబ్బా చిన్నది. ఇప్పుడు రోడ్డు అద్దం లెక్కున్నది.

ఇంకో సంగతి. రెండు గీరల డబ్బా అయితే బరువు కొంత హుక్కు మీద కూసుంటది, ట్రాక్టర్ పెద్ద టైర్లు రోడ్డును పడ్తయి. నాలుగు గీరల డబ్బా బరువంత దాని గీరల మీదనే. నీ ట్రాక్టర్ మూతి తిరిగింది అందుకే.

హాలియా హలం:
పానా తమ్మీ, లెక్క బాగుంది గని పని చెప్పు. డబ్బా ఏడాదిల ఎన్ని రోజులు నడుస్తది? రెండు కోతలప్పుడు, మధ్యల ఎరువుకు, ఇసుకకు. మిగిలిన దినాలు చింతచెట్టు కింద వానకు తడుస్తది. బ్రేకు డ్రమ్ములకు తుప్పు, బ్రేకు పైపులను ఎలుకలు కొరుకుతయి. పైగ నా డబ్బా మా పాలోని ట్రాక్టర్‌కు కడ్తం, ఆయనది నాకు. ఒగలకు పైపు ఉంటది, ఇంకొగలకు ఉండదు.

అసలు రోగం లోడు. 2019ల చట్టం మార్చి ఓవర్‌లోడ్‌కు 20,000, పైన టన్నుకు ఇంకో 2,000 జుర్మానా పెట్టిండ్రు. అయినా చెక్కలు నిలబెట్టి నింపుతనే ఉన్నం. బ్రేకులున్నయంటే ఇంకో ఇరవై బస్తాలు పడ్తయి, రాసిపెట్టుకో.

దేవరకొండ టు డాలస్:
నవ్వకుండ్రి, గిదే లొల్లి అమెరికాల గూడ ఉన్నది. మాకొక మోటార్‌హోమ్ ఉన్నది: బస్సంత బండి, లోపలనే మంచం, పొయ్యి, బాత్రూం. దాన్ని ఒక కాడ నిలబెట్టి ఊరు తిరగనీకి ఎనక ఒక జీపును నాలుగు గీరల మీదనే గుంజుకపోతం. పది టన్నుల బండికి రెండు టన్నుల జీపు ఒక లెక్కా అనుకున్న. చాసిస్ పుస్తకం తీస్తే, ఈ బ్రేకులు బండి సొంత బరువుకే, ఎనక కట్టేదానికి దాని బ్రేకు దానికుండాలె అని రాసున్నది. చట్టం రాష్ట్రానికో తీరు. చాలా కాడ 3,000 పౌండ్లు, అంటే 1,360 కిలోలు దాటితే బ్రేకు అడుగుతరు.

జీపుకు బ్రేకులున్నయి గని తొక్కేటోడు లేడు. అందుకని డ్రైవర్ సీటు ముంగట ఒక పెట్టె పెడ్తరు. ముంగటి బండి నెమ్మదైందని పసిగట్టి అది పెడల్‌ను నూకుతది. ఇంజన్ బందున్నది గాబట్టి రెండు మూడు తొక్కుళ్లకు, పెడల్‌ను తేలిక చేసే బూస్టర్ల వాక్యూమ్ అయిపోయి పెడల్ రాయి లెక్క అయితది. ఆ లెక్క జూసుకొనే పెట్టెను సెట్ చెయ్యాలె. నేను సెట్టింగు మరీ ఎక్కువ పెట్టిన. కొలరాడోల కొండ దిగుతున్న, పెద్దాయన చెప్పినట్టు చిన్న గేర్ల, ఇంజన్ మీదనే. ఇంజన్ బండిని ఆపినప్పుడల్లా ఆ పెట్టె జీపు బ్రేకు తొక్కుడే తొక్కుడు. కిందికొచ్చి చూస్తే జీపు గీరకు పొగ లేస్తాంది. ఇప్పుడు జీపు బ్రేకు పడ్డప్పుడల్లా నా ముంగట లైటు వెలిగేటట్టు పెట్టిచ్చిన.

ఇంకోటుంది. హుక్కు ఊడితే ఒక సన్న తీగ గుంజి స్విచ్చు పిన్ను పీకుతది, జీపు తనంతట తనే బ్రేకు పట్టుకుంటది.

పాలమూరు స్టీరింగ్:
హుక్కు ముచ్చట ఎత్తినవు, మంచిదైంది. మన కాడ పిన్నుకు లాకే ఉండదు, బోల్టో ఇనుప ముక్కో దిగ్గొడ్తరు. బ్రేకుల మాట తర్వాత, ముందుగాల లాక్ పిన్ను, చైను ఎయ్యుండ్రి. మిల్లు ముంగట డబ్బా ఇప్పినప్పుడు గీరకు రాయి పెడ్తరు గదా, నడిచే డబ్బా ఊడితే ఏ రాయి పెడ్తరు?

నకిరేకల్ పానా:
చైనుకు నేను గూడ చెయ్యెత్తిన. వేములపల్లి తమ్మీ, బ్రేకులకొస్తే మూడు తీర్లు. ఎయిర్‌ది: ట్రాక్టర్‌కు కంప్రెసర్, గాలి ట్యాంకు బిగియ్యాలె, ఖర్చెక్కువ. హైడ్రాలిక్‌ది: ట్రాక్టర్ ఆయిల్‌తోనే నడుస్తది. మూడోది నూకుడు బ్రేకు: డబ్బా ముంగటికి నూకితే ఆ నూకుడుకే లివర్ కదిలి బ్రేకు పడ్తది. పాలోని ట్రాక్టర్‌కు కట్టినా పనిచేస్తది, హాలియా అన్న బాధ సగం తీరింది. గని రివర్స్‌ల గూడ పట్టుకుంటది, లాక్ లివర్ లేకుంటే కల్లంల ఎనక్కి పోవు.

మొదటి రెంట్ల ఏది కొట్టిచ్చినా డబ్బా బ్రేకు ట్రాక్టర్ కంటే వెంట్రుకవాసి ముందు పడాలె. డబ్బా ట్రాక్టర్‌ను ఎనక్కి గుంజాలె, ముంగటికి నూకొద్దు. ఈ సెట్టింగు తెల్వనోని చేత కొట్టియ్యకు. డాలస్ అన్న పొగ యాదికుంచుకో.

హాలియా హలం:
సగమే తీరింది. తుప్పు ఎవడు తీస్తడు? కోతల ముందు డ్రమ్ములు ఇప్పి గ్రీజు, లైనర్లు చూసే రైతును ఒక్కన్ని చూపియ్యి.

వేములపల్లి వడ్లు:
అన్నలూ, నిన్న లోడుతోని కాంటా ఎక్కిచ్చిన. ట్రాక్టర్ ఇప్పి లోడు డబ్బా ఒక్కదాన్నే తూస్తే ఆరు టన్నుల మీదికి చూపెట్టింది. నేను నాలుగున్నర అనుకుంటున్న! చెక్కలు పీకేసిన. లాక్ పిన్ను, చైను ఇయ్యాల్నే ఏసిన.

సాయంత్రం బాపుకు ఈ ముచ్చటంత చదివి వినిపిచ్చిన. డాలస్ అన్న జీపు కాడ నవ్విండు, పానా అన్న లెక్క కాడ నవ్వలే. అన్నం తిని చెయ్యి కడుక్కుంట అడిగిండు: "ఆ నూకుడు బ్రేకు లాక్ లివర్ ట్రాక్టర్ మీద కూసుంటే అందుతదా, దిగాల్నా?" పానా అన్నా, ఐతారం షెడ్డుల ఉంటవా? డబ్బా తీస్కొని బాపే వస్తా అంటుండు.