నాయన కాలికి బైపాసా, స్టెంటా? పుండు మానట్లేదు, తెలిసినవాళ్లు చెప్పండి

ప్రశ్న – పలమనేరు

అందరికీ నమస్కారం. మా నాయనకి 64 ఏళ్లు. షుగర్ చాలా కాలంగా ఉంది, బీడీ వయసులో ఉన్నప్పటి నుంచీ ఉంది. ఇంతకుముందు గుండెకి ఒక స్టెంట్ వేశారు. కొన్నాళ్లుగా సందు చివరి దాకా నడిస్తే చాలు పిక్కలు పట్టేస్తున్నాయని నిలబడిపోతాడు, కాసేపు ఆగితే మళ్లీ నడుస్తాడు. ఇప్పుడు అది దాటిపోయింది. రాత్రి పడుకోగానే ఎడమ పాదం ఒకటే మంట. కాలు మంచం కిందికి వేలాడేసి కూర్చుంటే గానీ తగ్గదు. బొటనవేలి పక్కన చిన్న పుండు పడింది, ఎన్ని కట్లు కట్టినా మానట్లేదు.

కాలి రక్తనాళాలు చూసే స్కాన్, సీటీ యాంజియో తీయించాం. తొడలో రక్తనాళం చాలా పొడవున మూసుకుపోయిందట, మోకాలి కింద ఒక్క నాళం మాత్రమే పాదం దాకా పోతోందట. ఒక డాక్టర్ బైపాస్ చేయాలన్నారు. ఇంకో చోట కోత అక్కర్లేదు, బెలూన్ వేసి స్టెంట్ పెడితే సరిపోతుందన్నారు. ఆ రెండో చోట రిపోర్టు సరిగా చూసినట్టు కూడా లేదు, నేరుగా ప్యాకేజీ రేటు చెప్పారు. ఎవరి మాట వినాలి? బైపాస్ అయితే కాలి నరమే తీసి గొట్టంలా అతుకుతారంట, ఉన్న కాలు కూడా పాడవదా? అమ్మ టెన్షన్‌తో అన్నం కూడా సరిగా తినట్లేదు.

జవాబు – పుత్తూరు

అన్నా, మా మామకి కూడా కాళ్లు ఇట్లే పీకేవి. నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి మర్దన చేయించి, వేడినీళ్ల కాపడం పెట్టాం, తగ్గింది. కోతకి పోయే ముందు ఒకసారి చూడండి.

జవాబు – తిరుపతి, ఆపరేషన్ థియేటర్ నర్సు

పుత్తూరు అన్నా, ఎముక విరిగితే మీ ఊరి కట్టు కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారని నాకూ తెలుసు. కానీ ఇది రక్తం అందని కాలు. షుగర్ ఉన్నవాళ్లకి పాదంలో స్పర్శ తగ్గి ఉంటుంది, కాపడం పెడితే కాలిన సంగతి కూడా తెలీదు. తెల్లారేసరికి బొబ్బలు, ఆ బొబ్బలే కొత్త పుండ్లు. దయచేసి వేడి, మర్దన రెండూ వద్దు.

పలమనేరు అన్నా, నేను డాక్టర్‌ని కాను. రక్తనాళాల ఆపరేషన్లు దగ్గరుండి చూసేదాన్ని కాబట్టి డాక్టర్‌ని ఏం అడగాలో చెబుతాను.

నడిస్తేనే నొప్పి వచ్చే దశలో అయితే ఎవరూ తొందరపడరు. బీడీ మాన్పించి, ఆస్పిరిన్ లాంటి మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర ఇచ్చి, నొప్పి వచ్చేదాకా నడిచి ఆగి మళ్లీ నడిచే వ్యాయామం మూడు నెలలు చేయిస్తారు. చాలామందికి దాంతోనే నడిచే దూరం పెరుగుతుంది. మీ నాయనది ఆ దశ కాదు. పడుకుంటే మంట, కిందికి వేలాడేస్తే ఉపశమనం, పైగా మానని పుండు. ఇవన్నీ కలిస్తే కాలు ప్రమాదంలో ఉన్నట్టే. నెలల తరబడి ఆలోచించే వ్యవధి లేదు, వారాల్లో తేల్చుకోవాలి.

ఇక బైపాసా, స్టెంటా అన్నది అడ్డు ఎక్కడుందో దాన్ని బట్టి ఉంటుంది. పొట్టలో, నడుము దగ్గర ఉండే పెద్ద నాళాల్లో అయితే ఎక్కువగా ముందు బెలూన్, స్టెంటే చూస్తారు. అక్కడ బాగా పొడవున మూసుకుపోయి, గుండె తట్టుకునేలా ఉంటే పొట్ట తెరిచి రెండు గజ్జలకీ కలిపి డాక్రాన్ అనే కృత్రిమ గొట్టం వేస్తారు. గజ్జలోనే అడ్డు ఉంటే నాళం తెరిచి లోపల పేరుకున్నది గీకి తీసేసి పైన అతుకు వేస్తారు, అక్కడ స్టెంట్ అంత మంచిది కాదు. తొడలో మొదలై మోకాలి కిందికి పోయే అడ్డుకి గజ్జ నుంచి కింద బాగున్న నాళానికి బైపాస్, అంటే అడ్డుని దాటించి రక్తానికి కొత్త దారి వేస్తారు. మీరు రాసినదాన్ని బట్టి మీ నాయనది ఇదే.

ఇక్కడ అసలు ప్రశ్న ఒకటుంది: కాలి లోపలి పక్క, చీలమండ నుంచి గజ్జ దాకా చర్మం కింద పోయే పొడవాటి సిర (మీరు నరం అన్నది ఇదే, రక్తాన్ని గుండెకి తిరిగి తీసుకెళ్లే నాళం) బాగుందా? బైపాస్‌కి అన్నిటికంటే మంచి గొట్టం అదే. రక్తం గుండెకి తిరిగి పోయే పని చాలావరకు లోతు సిరలే చేస్తాయి కాబట్టి పైసిర తీసినంత మాత్రాన కాలు పాడవదు, కొన్నాళ్లు వాపు ఉంటుంది అంతే. సిర లోపల రక్తం ఒకే దిక్కున పోయేలా కవాటాలు ఉంటాయి. అందుకే దాన్ని తలకిందులు చేసి కుడతారు, లేదా ఉన్నచోటే ఉంచి లోపలికి సన్నటి పనిముట్టు పంపి కవాటాలు కోసేస్తారు. సిర పనికిరాకపోతే పీటీఎఫ్ఈ అనే కృత్రిమ గొట్టం వాడతారు. మోకాలి పైవరకు అయితే ఫర్వాలేదు, మోకాలి కిందికి వేస్తే అది మూసుకుపోయే అవకాశం బాగా ఎక్కువ.

ఈ విషయంలో పెద్ద డాక్టర్లకే ఒక మాట లేదు. 2022లో వచ్చిన బెస్ట్-సీఎల్ఐ అనే పరిశోధనలో 1,830 మందిని చూశారు. మంచి సిర ఉన్నవాళ్లలో బైపాస్ చేయించుకున్నవాళ్లకే కాలికి సంబంధించిన పెద్ద ఇబ్బందులు తక్కువ. సిర లేనివాళ్లలో రెండిటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. మరుసటి ఏడు వచ్చిన బాసిల్-2లో 345 మందే, అందరికీ మోకాలి కింది నాళాల్లో పని అవసరమైంది. అందులో ముందు బెలూన్ చేయించుకున్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు, బైపాస్ వర్గంలో మరణాలు ఎక్కువ కావడం దానికి ముఖ్య కారణం. కాబట్టి సిర స్కాన్ చేయకుండా, గుండె ఎకో చూడకుండా ఎవరైనా ఇదే చేయాలి అన్నారంటే నేనైతే లేచి వచ్చేస్తాను.

పలమనేరు

అక్కా, చాలా థ్యాంక్స్. సిరకి స్కాన్ ఎక్కడా చేయలేదు. చీలమండ బీపీ అని ఒకటి చూసి 1.1 ఉంది, నార్మలే అన్నారు. మరి పుండు ఎందుకు?

తిరుపతి, నర్సు

చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే అంకె అది. 0.9 కంటే తక్కువైతే కాలికి రక్తం తగ్గినట్టు. కానీ షుగర్ వాళ్ల నాళాలు సున్నం పట్టి గట్టిపడతాయి, పట్టీ ఎంత బిగించినా నొక్కుకోవు, దాంతో అంకె ఎక్కువగా కనిపిస్తుంది. బొటనవేలి ప్రెషర్ చూడమనండి. సిరకి చేసేది మామూలు అల్ట్రాసౌండే, కోత సూది ఏమీ ఉండదు. ఆ కాలిలో బాగా లేకపోతే రెండో కాలిలో చూస్తారు. గుండెకి స్టెంటే అన్నారు, బైపాస్ కాదు కదా, కాబట్టి సిరలు ఇంతకుముందు తీసి ఉండరు.

జవాబు – చిత్తూరు

మా పెద్దనాయనకి ఎడమ నడుము నాళం మూసుకుపోయింది. ఊపిరితిత్తులు బాగాలేవని పొట్ట తెరవలేదు. కుడి గజ్జ నుంచి ఎడమ గజ్జకి చర్మం కిందుగా గొట్టం వేశారు. ఇప్పటికీ పొత్తికడుపు కింద చెయ్యి పెడితే నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. మొదట్లో గజ్జ కుట్టు దగ్గర నీరు కారి ఇబ్బంది పడ్డాడు. ఇప్పుడు పొలం దాకా నడుస్తాడు. బీడీ మాత్రం డాక్టర్ కచ్చితంగా మాన్పించాడు, తాగితే గొట్టం మూసుకుపోతుంది, మళ్లీ నా దగ్గరికి రావద్దన్నాడు.

కార్డు సంగతి: ఆరోగ్యశ్రీనే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర కార్డు, రిపోర్టులు చూపించి మీకు చెప్పిన ఆపరేషన్ పేరుతో అడగండి, ముందే అనుమతి తెప్పిస్తారు. మాకు చిత్తూరు నుంచి వేలూరు దగ్గర కాబట్టి అక్కడి సీఎంసీ ఆసుపత్రిలో రక్తనాళాల విభాగానికి వెళ్లాం. అక్కడ మీ కార్డు చెల్లుతుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి.

తిరుపతి, నర్సు

ఇంకొకటి. ఉన్నట్టుండి కాలు చల్లబడి, తెల్లగా పాలిపోయి, వేళ్లు కదపలేకపోతే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. రక్తం పూర్తిగా ఆగితే ఆరు గంటల్లోపే కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. 108కి ఫోన్ చేసి నేరుగా క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.

ఈలోగా పాదం పొడిగా ఉంచండి. చెప్పుల్లేకుండా నడవనివ్వొద్దు. పుండు చుట్టూ గట్టిపడ్డ చర్మం ఇంట్లో బ్లేడుతో కోయొద్దు.

పలమనేరు

సరే అక్కా. సోమవారం స్విమ్స్‌కి తీసుకొస్తున్నాం. రిపోర్టులన్నీ ఫైల్లో పెట్టాను.

తిరుపతి, నర్సు

కాగితం రిపోర్టు ఒక్కటే చాలదు, సీటీ యాంజియో సీడీ కూడా తీసుకురండి. సర్జన్ బొమ్మలు చూసే నిర్ణయిస్తారు. సీడీ లేకపోతే మళ్లీ మందు ఎక్కించి తీయాల్సి రావచ్చు, షుగర్ ఉన్న మనిషి కిడ్నీకి అది మంచిది కాదు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు, ఇప్పుడు వేసుకునే మాత్రల చీటీ పైన పెట్టండి. స్టెంట్ కోసం వాడే రక్తం పలచబడే మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు, ఎప్పుడు ఆపాలో వాళ్లే చెబుతారు.