అప్‌డేట్: డ్యామేజ్ వేరు, డ్యామేజెస్ వేరు

అద్దె అగ్రిమెంటును తెలుగులో రాసేటప్పుడు ‘డ్యామేజెస్’ని ‘నష్టాలు’ అనొచ్చా అని అడిగాను కదా. అనకూడదు. జవాబులిచ్చినవాళ్లందరికీ థాంక్స్.

‘డ్యామేజ్’ అంటే జరిగిన నష్టం. వానకి గోడ పదిచోట్ల పాడైనా ఇంగ్లిష్‌లో ఏకవచనమే, ముందు ‘ఎ’ కూడా రాదు. చివర ‘ఎస్’ చేరిందంటే అది నష్టపరిహారం, అంటే చేతికొచ్చే డబ్బు. ‘అద్దెదారు డ్యామేజెస్ చెల్లించాలి’ అన్నచోట ‘నష్టాలు చెల్లించాలి’ అని రాస్తే వాక్యం అటూ ఇటూ కాకుండా పోతుంది.

‘జరిమానా’ అని రాయడం ఇంకా ప్రమాదం. జరిమానా శిక్ష, పరిహారం నష్టపోయినవాళ్లకి దక్కేది. 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, మాట తప్పితే 50,000 రూపాయలు ఇవ్వాలని ముందే రాసుకున్నా అది పైహద్దు మాత్రమే. ఆ లోపు సమంజసమైనంతే కోర్టు ఇప్పిస్తుంది. 73వ సెక్షన్ ప్రకారం దూరపు, పరోక్ష నష్టాలకి పరిహారమే లేదు.

ఇంకోటి, మనిషికి దెబ్బ తగిలితే ‘డ్యామేజ్’ అనరు, ‘ఇంజురీ’ అంటారు. అవయవం చెడితే మాత్రం ‘లివర్ డ్యామేజ్’ అనడం మామూలే.