ఎలుక పంటికి కట్టిన దారం మూడో రోజుకే ఊడిపోతోంది, జెల్ రాస్తే చిగురు ఇంకా ఎర్రబడుతోంది

పెరియో పీజీ (భీమవరం వైపు):

నమస్తే అండి. రొయ్య పెంకుల నుంచి తీసిన కైటోసాన్ జెల్‌ని, దారం కట్టి చిగుళ్ల జబ్బు తెప్పించిన ఎలుకల మీద చూడ్డం నా థీసిస్. మగ విస్టార్ (ల్యాబుల్లో పెంచే తెల్ల రకం) ఎలుకలు, 220–250 గ్రాములవి. మూడు గ్రూపులు, గ్రూపుకి 6: ఏమీ చెయ్యనివి, దారం ఒక్కటే కట్టినవి, దారం కట్టి జెల్ రాసినవి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంది.

పైలట్‌గా 4 ఎలుకలకి కింది దవడ మొదటి మోలార్‌కి (నమిలే పంటికి) 4-0 సైజు సిల్క్ దారం కట్టాం. రెండిటికి మూడో రోజుకే దారం లేదు. జెల్ రాసిన వాటిలో చిగురు తగ్గకపోగా ఇంకా ఎర్రబడింది. ఒకటి మత్తులోంచి లేవలేదు.

జెల్ అంటే 2 శాతం కైటోసాన్, 1 శాతం ఎసిటిక్ యాసిడ్‌లో కలిపింది. పెంకులు ఇక్కడి రొయ్యల ప్లాంటువి, కైటోసాన్ కాలేజీ ల్యాబులోనే తీశాం. ఎలుకల కింద పరుపు వరి ఊక. ఏసీ ఉంది, కరెంటు ఉన్నంతసేపూ. అసలు పని మే నెలలో మొదలవ్వాలి. స్లైడ్ల కోసం ఎముకలో సున్నం తీసి మెత్తబరచడానికి నైట్రిక్ యాసిడ్ వాడితే త్వరగా అయిపోతుందని చెప్తున్నారు. ఎక్కడెక్కడ సరిచెయ్యాలో చెప్పండి.

దవడ ఎముక:

ముందు పన్ను మార్చండి. కింది మొదటి మోలార్‌కి ముందువైపు తోడు పన్ను లేదు, ఖాళీ చిగురే. వెనకవైపు మాత్రమే దారానికి పట్టు. నాలుక ఒకవైపు, బుగ్గ ఒకవైపు తోస్తూ ఉంటే ముందుకి జారి పైకొచ్చేస్తుంది. పై దవడ రెండో మోలార్ అయితే అటూ ఇటూ పళ్లుండి మధ్యలో ఇరుక్కుని ఉంటుంది. కట్టడం కష్టం, కడితే మాత్రం నిలుస్తుంది.

ఎలుకని వెల్లకిలా పలక మీద పడుకోబెట్టి, పై ముందుపళ్లకి ఒక రబ్బరు బ్యాండు, కింది వాటికి ఇంకొకటి తగిలించి రెండువైపులా లాగి కట్టండి. నాలుకని పక్కకి తియ్యండి. మొదటి, రెండో మోలార్ల సందు బిగువుగా ఉంటుంది. సన్నటి ఎండో ఫైలు (పంటి వేరు శుభ్రంచేసే సూదిలాంటి పనిముట్టు) మొనతో కాస్త వదులు చేసి, దారాన్ని పైనుంచి కిందికి లాగాలి, రంపంలా కొయ్యకూడదు. కోస్తే చిగురు తెగి, మీరు తెప్పించాలనుకున్న జబ్బుకి గాయం తోడవుతుంది. రెండో, మూడో మోలార్ల సందులోంచి తిప్పి తెచ్చి, మొదట రెండు చుట్ల ముడి, దాని మీద ఎదురు ముడులు రెండు. ఆ తర్వాత ప్లగ్గర్‌తో (మొద్దు మొన ఉన్న పంటి పనిముట్టు) చుట్టూ నొక్కి దారాన్ని చిగురు అంచు కిందికి దింపండి. ఈ ఒక్క పని మానేస్తే దారం పంటికి నగలా పైన కూర్చుంటుంది, ఎముక తరగదు. కొసలు ఒక మిల్లీమీటరు మించి వదలకండి. పొడుగ్గా ఉంటే ముందుకాళ్లతో పీకేస్తాయి.

రోజు మార్చి రోజు దారం ఉందో లేదో చూడాలి. ఊడితే 24 గంటల్లోపు మళ్లీ కడతారా, ఆ ఎలుకని లెక్కలోంచి తీసేస్తారా అన్నది మొదలుపెట్టకముందే రాసిపెట్టుకోండి. ఫలితం చూశాక తీసే నిర్ణయానికి విలువుండదు.

ఇంకో సంగతి, మీరు అడగలేదు గానీ. జెల్ ఎప్పటి నుంచి రాస్తున్నారు? ఈ మోడల్లో ఎముక మొదటి వారం పదిరోజుల్లోనే ఎక్కువగా తరిగిపోయి తర్వాత నెమ్మదిస్తుంది. దారం తీసేస్తే కొంతమేర తనంతట తనే పూడుకుంటుంది కూడా. 14వ రోజున దారం తీసి జెల్ మొదలుపెడితే, జెల్ లేని గ్రూపూ కోలుకుంటుంది, తేడా మాయమవుతుంది. జబ్బు రాకుండా ఆపడమా, వచ్చాక తగ్గించడమా అన్నది తేల్చుకోండి. ఒక పక్క జెల్ రాసి, అదే ఎలుక రెండో పక్కని పోలికకి పెట్టడం మాత్రం వద్దు. లాలాజలంతో కలిసి నోరంతా పాకుతుంది.

పెంకు కెమిస్ట్రీ:

ఎర్రబడటానికి దారం కన్నా జెల్ మీదే నాకు అనుమానం. 1 శాతం ఎసిటిక్ యాసిడ్‌లో కలిపి అలాగే రాశారు కదా, దాని పీహెచ్ 4 దగ్గర ఉంటుంది. ఎనామెల్ కరగడం మొదలయ్యేదే 5.5 దగ్గర. పచ్చి చిగురు మీద పల్చటి వెనిగర్ రాసినట్టే. పీహెచ్ మీటరు పెట్టి, కలియబెడుతూనే పల్చటి సోడియం హైడ్రాక్సైడ్ చుక్క చుక్కగా వేసి 5.8–6 దాకా తేండి. 6.5 దాటితే కైటోసాన్ పెరుగు విరిగినట్టు గడ్డలు కడుతుంది. అసలు నోటికైతే బీటా గ్లిసరోఫాస్ఫేట్ కలిపిన జెల్ మేలు. పీహెచ్ 7 దగ్గరున్నా విరగదు, చల్లగా ఉన్నప్పుడు నీళ్లలా ఉండి ఒంటి వేడికి గట్టిపడుతుంది, పంటి దగ్గర కాసేపు నిలుస్తుంది. కలిపేటప్పుడు రెండు ద్రావణాలూ ఐసులో పెట్టాలి, లేకపోతే బీకరులోనే గడ్డకడుతుంది.

రెండోది, పెంకులు. ప్లాంటు బయట కుప్పపోసినవి గంటల్లోనే కుళ్లు వాసన కొడతాయి. తలలు కలిసినవి అయితే మరీనూ. తెచ్చిన పూటే కడిగి తలలు ఏరెయ్యండి. 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో బుడగలు ఆగేదాకా ఉంచితే సున్నం పోతుంది. బుడగలు ఆగాక తాజా యాసిడ్ పోసి చూడండి. మళ్లీ బుడగలొస్తే సున్నం ఇంకా ఉందన్నమాట. తర్వాత 4 శాతం కాస్టిక్ సోడా వేడిగా, మాంసకృత్తులు పోవడానికి. ఆఖరున 40–50 శాతం కాస్టిక్‌లో 100 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు. చివరి కడుగుడులోనే చాలామంది పాడుచేస్తారు. వేడి కాస్టిక్ బ్యాక్టీరియా విషాన్ని కూడా చంపేస్తుంది, కానీ దాన్ని కుళాయి నీళ్లతో కడిగితే ఆ విషం, అంటే ఎండోటాక్సిన్, మళ్లీ ఎక్కి కూర్చుంటుంది. ఎలుక చిగుళ్లలోకి ఎండోటాక్సిన్ ఎక్కించి జబ్బు తెప్పించే మోడల్ విడిగా ఉంది. మీరు తెలియకుండా రెండు మోడళ్లూ ఒకేసారి నడుపుతున్నారేమో! ఆఖరి కడుగుళ్లు శుభ్రమైన డిస్టిల్డ్ వాటర్‌తోనే, పీహెచ్ 7 వచ్చేదాకా. ఒక గ్రాము మఫుల్ ఫర్నేస్‌లో (ల్యాబు కొలిమిలో) కాల్చి చూడండి. బూడిద 1 శాతం దాటితే సున్నం మిగిలినట్టు.

అన్నిటికన్నా, మీకు మందులేని జెల్ గ్రూపు లేదు. యాసిడ్, గ్లిసరోఫాస్ఫేట్ అన్నీ ఉండి కైటోసాన్ మాత్రం లేనిది. అది లేకుండా చిగురు తగ్గినా పెరిగినా కైటోసాన్ వల్లేనని చెప్పలేరు.

పెరియో పీజీ:

ఆ గ్రూపు కలిపితే 24 అవుతాయండి. కమిటీ ఎక్కువంటుందేమో?

దవడ ఎముక:

అనదు. రిసోర్స్ ఈక్వేషన్‌తో (ఎన్ని ఎలుకలు చాలో చెప్పే లెక్క) చూపించండి: మొత్తం ఎలుకల్లోంచి గ్రూపుల సంఖ్య తీస్తే 10కి 20కి మధ్య ఉండాలి. ఇప్పుడు 18 − 3 = 15. కలిపాక 24 − 4 = 20, హద్దు లోపలే. అయితే సవరణకి అనుమతి వచ్చాకే ఎలుకలు తెప్పించండి, ముందు కాదు.

లంక వెటర్నరీ:

చనిపోయినదాని గురించి. మత్తుమందులు కెటమిన్ 80, జైలజిన్ 10 మి.గ్రా. కిలోకి అనుకుంటే, 250 గ్రాముల ఎలుకకి మి.లీ.కి 50 మి.గ్రా. బలమున్న కెటమిన్ 0.4 మి.లీ., మి.లీ.కి 20 మి.గ్రా. బలమున్న జైలజిన్ 0.125 మి.లీ. పొద్దున్న తూచిన బరువుతోనే లెక్క వెయ్యండి, ట్యూబర్‌క్యులిన్ సిరంజితో తియ్యండి. పొట్టలో కుడివైపు కింద గుచ్చండి, ఎడమవైపు సీకమ్ (పెద్దపేగు మొదటి సంచి) అడ్డొస్తుంది. ఎలుకలు వాంతి చేసుకోవు, రాత్రంతా మాడ్చక్కర్లేదు.

బయట 42 డిగ్రీలున్నా మత్తులో ఉన్న ఎలుక చలికే పోతుంది. ఏసీ గదిలో స్టీలు బల్ల మీద పడుకోబెడితే పావుగంటలో చల్లబడిపోతుంది. కింద 37 డిగ్రీల వేడి ప్యాడ్, లేదా గోరువెచ్చని నీళ్ల గ్లోవుకి గుడ్డ చుట్టి పెట్టండి. కంట్లో ఆయింట్‌మెంట్ వెయ్యండి, మత్తులో రెప్ప వాల్చదు.

మే నెల మాటకొస్తే, సీసీఎస్ఈఏ (ప్రయోగ జంతువుల మీద కేంద్ర కమిటీ) మార్గదర్శకాల్లో గది 18–29 డిగ్రీలు, తేమ 30–70 శాతం. మన డెల్టాలో కరెంటు పోతే తేమ ఆ గీత ఇట్టే దాటేస్తుంది. ఊక ఉచ్చని సరిగ్గా పీల్చదు, అమ్మోనియా కిందే నిలిచి ముక్కు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అలా లోపల నక్కి ఉన్న మైకోప్లాస్మా (ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే బ్యాక్టీరియా) పైకి తేలితే, మత్తిచ్చిన రోజే ఎలుక పోతుంది. చెవి దగ్గర పెట్టుకుంటే గురగురమనేవాటికి ఆ రోజు మత్తివ్వకండి. కళ్ల చుట్టూ, ముక్కు మీద ఎర్రగా ఎండినది రక్తం కాదు, పోర్ఫిరిన్ (కంటి గ్రంథి నుంచి వచ్చే ఎర్ర పదార్థం). ఎలుక ఒత్తిడిలో ఉందని గుర్తు. ఊకని జల్లించి, ఆటోక్లేవ్ చేసి, రెండు మూడు రోజులకోసారి మార్చండి. ఇన్వర్టర్ కూడా లేదంటే నవంబరుకి జరపడమే నయం.

స్లైడు బల్ల:

నైట్రిక్ వద్దు. త్వరగా అవుతుంది గానీ కణాల రంగు పట్టదు, ఎముకని తినే కణాల్ని చూపించే ట్రాప్ స్టెయిన్ అసలు రాదు. దవడని రెండుగా కోసి, 20 రెట్ల 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో 24–48 గంటలు ఉంచి, తర్వాత 10 శాతం ఈడీటీఏ (ఎముకలో సున్నాన్ని మెల్లగా తీసేది), పీహెచ్ 7.2–7.4 ఉన్నదానికి మార్చండి. ఈడీటీఏ పొడి నీళ్లలో కరగడంలేదని కంగారుపడకండి, సోడియం హైడ్రాక్సైడ్ వేస్తూ పీహెచ్ 8 దగ్గరికి తెస్తే కరుగుతుంది. ఆ తర్వాత పీహెచ్ దించుకోండి. మూడు రోజులకోసారి ద్రావణం మార్పు, నాలుగు నుంచి ఆరు వారాలు. అయిందో లేదో సూదితో గుచ్చి చూడకండి, ఆ కన్నం సెక్షన్లో కనిపిస్తుంది. డెంటల్ కాలేజీలో ఆర్‌వీజీ (పళ్ల డిజిటల్ ఎక్స్‌రే) ఉండనే ఉంటుంది. సెన్సర్ మీద దవడ పెట్టి ఎక్స్‌రే తియ్యండి, ఎముక తెల్లగా కనిపిస్తే ఇంకో వారం.