మూడో ఫ్లోర్‌లో చోక్‌లు వరసగా పోతున్నాయి, కంపెనీ మార్చినా ఆగట్లేదు

ప్రశ్న:
జీ+4 ఆఫీసు బిల్డింగ్. ఫాల్స్ సీలింగ్‌లో 2×2 అడుగుల లైటు ఫిట్టింగులు. ఒక్కోదాంట్లో 14 వాట్ల టీ5 ట్యూబులు నాలుగు, నాలుగింటికీ ఒకే ఎలక్ట్రానిక్ చోక్. మూడో ఫ్లోర్‌లో 64 ఫిట్టింగులుంటే ఆర్నెల్లలో 19 చోక్‌లు పోయాయి. మిగతా ఫ్లోర్లలో ఒకటో రెండో. కరెంటు ఆర్, వై, బీ అనే మూడు ఫేజ్‌లలో వస్తుంది, పోయినవి దాదాపు అన్నీ వై, బీ ఫేజ్‌ల మీదవే, ఆర్ మీద రెండే. విప్పితే వేరిస్టర్ (ఎక్కువ వోల్టేజ్ నుంచి కాపాడే ముక్క) నల్లగా పగిలి, కెపాసిటర్ నెత్తి ఉబ్బి ఉంది. పొద్దున 9కి డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు)లో కొలిస్తే మూడు ఫేజ్‌లూ 230 దగ్గరే. ఓనర్లు అన్నీ ఎల్ఈడీకి మార్చేయమంటున్నారు. ముందు ఏం చూడాలి?

జవాబు 1:
వేరిస్టర్ పగిలిందంటే చోక్‌ని తిట్టి లాభం లేదండీ, లైన్లోంచే ఎక్కువ వోల్టేజ్ వచ్చింది. పొద్దున 9కి లోడే ఉండదు కాబట్టి ఆ రీడింగ్ పక్కన పెట్టండి. మధ్యాహ్నం ఏసీలన్నీ నడిచేటప్పుడు డీబీ ఇన్‌కమర్ (మెయిన్ స్విచ్) దగ్గర ఏడు రీడింగులు తీయండి: ఫేజ్-న్యూట్రల్ మూడు, ఫేజ్-ఫేజ్ మూడు, న్యూట్రల్-ఎర్త్ ఒకటి. మిన్-మ్యాక్స్ (అతి తక్కువ, అతి ఎక్కువ రీడింగు గుర్తుపెట్టుకునేది) ఉన్న మీటరైతే ఒక గంట వదిలేయండి, కంప్రెసర్ ఎత్తుకునే క్షణం అందులోనే దొరుకుతుంది.

ఫేజ్-ఫేజ్ కదలకుండా ఉండి, ఫేజ్-న్యూట్రల్‌లో ఒకటి తగ్గి రెండు పెరిగితే న్యూట్రల్ లూజు. లోడు ఎక్కువున్న ఫేజ్ కిందికి దిగుతుంది, తేలికవి పైకెక్కుతాయి. మీ ఏసీలు ఆర్ మీద ఉన్నాయా?

ఇంకో మాట. ఆ ఫ్లోర్‌లో ఎవరైనా మెగ్గర్ (ఇన్సులేషన్ టెస్టర్) పెట్టారేమో కనుక్కోండి. ఫేజ్-న్యూట్రల్ మధ్య 500 వోల్ట్‌లు కొడితే ఎలక్ట్రానిక్ చోక్ పోవచ్చు. కొట్టాల్సి వస్తే ఫేజ్, న్యూట్రల్ కలిపి కట్టి ఎర్త్‌కి మాత్రమే కొట్టాలి.

జవాబు 2:
పై మాట సరే, ట్యూబులూ చూడండి. చివర్లు నల్లబడి మినుకుమినుకుమనే ట్యూబును అలాగే వదిలేస్తే చోక్‌ని వేడెక్కించి చంపుతుంది. కొత్త చోక్ వేసేటప్పుడు పాత ట్యూబులు పెట్టొద్దు, నాలుగూ ఒకేసారి మార్చండి. చోక్ మీద టీసీ అని ఒక చుక్క ఉంటుంది. పక్కన 70 అని రాసుంటే, నడిచేటప్పుడు అక్కడ వేడి 70 డిగ్రీలు దాటకూడదు. దాటుతుంటే ఫిట్టింగ్ మీద ఏదైనా దూది షీటు పడుందేమో తీసేయండి. అందులోని కెపాసిటర్‌కి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
మధ్యాహ్నం 3కి: ఆర్ 207, వై 247, బీ 251. ఫేజ్-ఫేజ్ మూడూ 405 దగ్గరే. న్యూట్రల్-ఎర్త్ 26. బీ మీద మ్యాక్స్ 273. అవును, స్ప్లిట్ ఏసీలన్నీ ఆర్ మీదే. ఇన్‌కమర్ ఆపి న్యూట్రల్ లింక్ (న్యూట్రల్ వైర్లు కలిసే పట్టీ) విప్పితే అల్యూమినియం కేబుల్ లగ్ (కేబుల్ కొసకి వేసే బిగింపు ముక్క) నల్లగా కాలి ఉంది, చేత్తో కదిపితే కదులుతోంది.

జవాబు 1:
అదే దొంగ. ఆ స్క్రూ బిగించి వదిలేయకండి, నెల తిరక్కుండా మళ్ళీ లూజవుతుంది. కాలిన ముక్క కోసేసి, వైరు మెరిసేదాకా గీకి, జాయింటింగ్ పేస్ట్ రాసి కొత్త లగ్ క్రింప్ చేయండి (నొక్కి బిగించండి). లింక్ రాగిదో ఇత్తడిదో అయితే బైమెటల్ (రెండు లోహాల) లగ్గే వాడండి. లింక్ కూడా నల్లబడితే మార్చేయండి. ఏసీలను మూడు ఫేజ్‌ల మీదికీ పంచండి. కంప్యూటర్ల లోడు ఎక్కువుంటే ఫేజ్‌లు సమానంగా ఉన్నా మూడో హార్మోనిక్ (మూడింతల ఫ్రీక్వెన్సీ) కరెంటు న్యూట్రల్‌లో కలిసిపోతుంది. అందుకని క్లాంప్‌మీటర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) న్యూట్రల్‌కి కూడా వేసి చూడండి, న్యూట్రల్ కేబుల్ ఫేజ్ కన్నా సన్నగా ఉండకూడదు.

జవాబు 3:
ఎల్ఈడీ ఇదంతా అయ్యాకే. ఇదే 273 కింద ఎల్ఈడీ డ్రైవర్లు కూడా ఇలాగే పోతాయి, పైగా ఖరీదు ఎక్కువ. మామూలు టీ8 ఎల్ఈడీ ట్యూబు ఈ ఫిట్టింగులో పట్టదు, టీ5 హోల్డర్ పిన్నులు వేరు. నాలుగు ట్యూబులకి 56 వాట్లు, చోక్ తినేది అదనం. 36 వాట్ల 2×2 ప్యానెల్ అదే కంతలో కూర్చుంటుంది. తీసిన ట్యూబుల్ని పగలగొట్టి చెత్తలో వేయించకండి, లోపల పాదరసం ఉంటుంది. విరక్కుండా పాత అట్టపెట్టెల్లో పెట్టి ఈ-వేస్ట్ వాళ్ళకివ్వండి.