షుగర్ పుండుకు ఇంట్లో కట్టు కట్టడం నేర్పాలా, వద్దా?

నర్సంపేట నుంచి:
మా బాపుకు 62 ఏళ్లు. అరికాలి పుండు నాలుగు నెలలైనా మానడం లేదు. రోజు విడిచి రోజు కట్టు మార్పించడానికి వరంగల్ తీసుకెళ్తున్నా. నా కూలి పోతోంది, ఆయనేమో ఆ కాలితోనే బస్టాండంతా నడుస్తున్నాడు. కట్టు ఎలా కట్టాలో మాకే చూపించమంటే "అది మీ పని కాదు" అన్నారు. ఇది న్యాయమేనా?

హన్మకొండ నుంచి:
వాళ్లు అన్నది సబబే. షుగర్‌తో కాలి నరాలు దెబ్బతింటే నొప్పి తెలియదు. లోపల ఎముక దాకా చీము పట్టినా పైకి చిన్న రంధ్రమే కనిపిస్తుంది. మా బాబాయి ఇంట్లోనే పసుపు, ఆకు పసరు పెట్టుకుంటూ నెల గడిపాడు. చివరికి రెండు వేళ్లు తీసేశారు. నేర్పితే అందరూ సొంత వైద్యం మొదలుపెడతారు.

జమ్మికుంట నుంచి:
అన్నా, మీ బాబాయి సంగతి చదివితే చాలా బాధేసింది. ఆయనకు ఎవరైనా ముందే నేర్పి ఉంటే పసరు జోలికి పోయేవాడా? మా అమ్మకు బోదకాలు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి టబ్బు, మగ్గు, సబ్బు పెట్టించి, కాలు కడిగి వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవడం అమ్మ చేతే చేయించింది. అంతకుముందు ఏడాదికి నాలుగైదుసార్లు చలిజ్వరమొచ్చి కాలు ఎర్రగా వాచేది, ఇప్పుడు ఎప్పుడో గానీ రాదు. అమ్మకు చదువు రాదు.

చచ్చిన కండ కోసి తీయడం డాక్టర్ పనే, అది ఒప్పుకుంటా. మిగతాది నేర్చుకోవచ్చు. చేతులు సబ్బుతో కడుక్కుని, పుండును నార్మల్ సెలైన్‌తో (ఆసుపత్రిలో వాడే శుభ్రమైన ఉప్పునీటి ద్రావణం) కడగాలి. దూది నేరుగా పెట్టొద్దు, పోగులు అంటుకుంటాయి. గాజ్ గుడ్డ పెట్టాలి. రోజూ హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురగ చూసి శుభ్రమైందనుకుంటాం గానీ, కొత్తగా వచ్చే కండ కూడా దెబ్బతింటుంది.

అన్నిటికన్నా ముఖ్యం, పుండు మీద బరువు పడకూడదు. నర్సంపేట తమ్ముడూ, కట్టు కోసం మీ బాపు నడిచే ఆ నడకే పుండును మాననివ్వదు! ఈసారి కట్టు మార్చేటప్పుడు వీడియో తీసుకుంటానని అడుగు. ఆ తర్వాతి సారి నర్సు ముందు నువ్వే కట్టి చూపించు. వారానికోసారి డాక్టర్‌కు చూపించడం మానకు. వాసన వచ్చినా, చుట్టూ ఎరుపు పాకినా, వేలు నల్లబడినా, జ్వరం వచ్చినా అదే రోజు ఆటో మాట్లాడుకుని వెళ్లు.