చిన్న ఇంటర్నెట్ సంస్థకు లైనక్స్ యంత్రంపై బీజీపీ నడపడం మంచిదేనా?

నాచారం ఆపరేటర్:

నమస్కారం. నాచారం, మల్లాపూర్, హబ్సిగూడ ప్రాంతాలలో సి కేటగిరీ (చిన్న ప్రాంతానికి ఇచ్చే) లైసెన్సుతో సుమారు మూడు వేల ఇళ్లకు ఇంటర్నెట్ ఇస్తున్నాము. ఇంతకాలం ఒకే అప్‌స్ట్రీమ్ సంస్థ (మాకు ఇంటర్నెట్ అందించే పై సంస్థ) ఇచ్చిన అడ్రసులతో నడిచింది. ఇప్పుడు సొంత ఏఎస్ నంబరు (ఇంటర్నెట్‌లో మా నెట్‌వర్కు గుర్తింపు సంఖ్య), 512 ఐపీవీ4 అడ్రసుల బ్లాకు మా చేతికి వచ్చాయి కనుక, రెండో అప్‌స్ట్రీమ్ తీసుకుని, హైదరాబాద్‌లోని నిక్సీ ఎక్స్ఛేంజీకి (నెట్‌వర్కులు నేరుగా ఒకదానితో ఒకటి కలిసే చోటు) కూడా కలవాలని అనుకుంటున్నాము. పేరున్న రౌటరుకు వచ్చిన కొటేషన్, దానితోపాటు ఏటా కట్టవలసిన సపోర్టు రుసుము మా స్తోమతకు మించి ఉన్నాయి. రెండు సర్వర్లు కొని, బీజీపీని (నెట్‌వర్కులు తమ అడ్రసులకు దారులను ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి) నడిపే ఎఫ్‌ఆర్‌ఆర్ లేదా బర్డ్ సాఫ్ట్‌వేరు పెడితే సరిపోతుందా? పీపీపీఓఈ (చందాదారుల లాగిన్), నాట్ (ఒక పబ్లిక్ అడ్రసును ఎన్నో ఇళ్లకు పంచడం) పనులు కూడా వాటికే అప్పగించవచ్చా?

గచ్చిబౌలి నెట్‌వర్క్ ఇంజినీరు:

సరిపోతుందండి. ఎఫ్‌ఆర్‌ఆర్ కొత్తగా పుట్టినది కాదు; జీబ్రా అనే పాత సాఫ్ట్‌వేరు నుంచి క్వాగ్గా, క్వాగ్గా నుంచి ఇది వచ్చాయి, 2017 నుంచి లైనక్స్ ఫౌండేషన్ నీడలో ఉంది. బర్డ్ ప్రాగ్ నగరంలో పుట్టింది, ఎన్నో ఎక్స్ఛేంజీల రూట్ సర్వర్లు (సభ్యులకు దారుల సమాచారం పంచే యంత్రాలు) దానిమీదే నడుస్తున్నాయి. మీ సిబ్బందికి సిస్కో కమాండ్లు అలవాటైతే ఎఫ్‌ఆర్‌ఆర్ త్వరగా పట్టుబడుతుంది. ఫిల్టర్లను (ఏ దారిని తీసుకోవాలో, ఏది ప్రకటించాలో చెప్పే నియమాలు) ప్రోగ్రాము రాసినట్టు రాయగలవారుంటే బర్డ్ హాయిగా ఉంటుంది.

అయితే ఒక సంగతి గమనించాలి. ఈ సాఫ్ట్‌వేర్లు ప్యాకెట్లను మోయవు, ఏ దారిన పోవాలో తేల్చి లైనక్స్ కెర్నెల్‌కు (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) అప్పగిస్తాయి. 10 గిగాబిట్ లింకు నిండా 1500 బైట్ల ప్యాకెట్లు వస్తే సెకనుకు సుమారు 8 లక్షలు అవుతాయి, సాయంత్రం వీడియోల రద్దీ చాలావరకు ఈ రకమే కనుక మంచి సర్వరు తట్టుకుంటుంది. అదే లింకును 64 బైట్ల ప్యాకెట్లతో ముంచెత్తితే 1.48 కోట్లు దాటుతాయి, మామూలు కెర్నెల్ అక్కడ చేతులెత్తేయవచ్చు. దాడి జరిగినప్పుడు దెబ్బతిన్న అడ్రసును పైనే ఆపివేయడానికి బ్లాక్‌హోల్ కమ్యూనిటీ (ఆ అడ్రసుకు వచ్చే ట్రాఫిక్‌ను పారేయమని చెప్పే గుర్తు) ఇస్తారా అని అప్‌స్ట్రీమ్‌ను ఒప్పందానికి ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

సుమారు పది లక్షల ఐపీవీ4 దారులున్న పూర్తి టేబుల్ మీకు నిజంగా అవసరమా అన్నది కూడా ఆలోచించండి. రెండు వైపుల నుంచి డిఫాల్ట్ దారి (మరే దారీ తెలియనప్పుడు వాడేది), ఎక్స్ఛేంజీ నుంచి వచ్చే దారులు ఉంటే మీ స్థాయికి చాలు.

నేను అన్నిటికన్నా ఎక్కువగా పట్టుబట్టేది ఫిల్టర్ల విషయంలో. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపడానికి వేసిన ఒక /24 (256 అడ్రసుల) దారిని పైనున్న సంస్థ వడకట్టకపోవడంతో అది ప్రపంచమంతా పాకి, ఎక్కడెక్కడి వారికో యూట్యూబ్ అందకుండా పోయింది. చిన్న సంస్థ కూడా అలాంటి హాని చేయగలదు. బయటికి మీ బ్లాకు ఒక్కటే వెళ్లాలి. ఒక అప్‌స్ట్రీమ్ నుంచి నేర్చిన దారి రెండోవారికి ఎట్టి పరిస్థితిలోనూ చేరకూడదు. ఎఫ్‌ఆర్‌ఆర్ కొత్త వెర్షన్లలో పాలసీ (ఫిల్టర్ నియమాలు) రాయనిదే బయటి పొరుగువారితో (మీతో నేరుగా కలిసిన ఇతర నెట్‌వర్కులు) దారుల ఇచ్చిపుచ్చుకోలు జరగదు. ఆ కట్టడి విసుగు పుట్టించినా తీసేయకండి. మీ బ్లాకుకు ఆర్‌పీకేఐలో (అడ్రసుల హక్కును ధ్రువీకరించే వ్యవస్థ) రోవా (ఏ ఏఎస్ ఆ బ్లాకును ప్రకటించవచ్చో చెప్పే పత్రం) నమోదు చేయండి, అందులో గరిష్ఠ ప్రిఫిక్స్ నిడివిని (/24 వంటి సంఖ్య) మీరు ప్రకటించే దానికి మించనివ్వకండి. లోపలికి వచ్చే దారులను సరిచూడటానికి, ఆ పత్రాలను చదివే రౌటినేటర్ సాఫ్ట్‌వేరును వేరే యంత్రంలో పెట్టుకోవచ్చు.

మల్కాజిగిరి ఆపరేటర్:

పైవారు చెప్పిన సాంకేతిక విషయాలతో నాకు పేచీ లేదు, కానీ అర్ధరాత్రి లింకు పడిపోతే లేచి చూసేది ఎవరన్నది ముందు తేల్చుకోవాలి. కొన్న రౌటరుకు ఫోను చేయడానికి ఒక నంబరైనా ఉంటుంది. ఇక్కడ లాగ్ చదవగలవారు మీ దగ్గర కనీసం ఇద్దరుండాలి, ఒక్కరే ఉంటే ఆయన ఊరెళ్లిన రోజు సంస్థ నిస్సహాయంగా నిలబడుతుంది. ఒక యంత్రంలో ఎఫ్‌ఆర్‌ఆర్, రెండో దానిలో బర్డ్ పెట్టమని కొందరు సలహా ఇస్తారు, ఒకదాని లోపం రెండోదాన్ని తాకదన్నది వారి వాదన. పెద్ద జట్టు ఉన్నవారికి అది మేలే. ముగ్గురు నలుగురు సిబ్బందికి రెండు భాషలు నేర్పడం భారం. రెండింటిలో ఒకే సాఫ్ట్‌వేరు పెట్టి, అప్‌డేట్ మాత్రం ముందు ఒకదానికి చేసి, కొన్నాళ్లు గమనించాకే రెండోదానికి చేయండి.

గచ్చిబౌలి నెట్‌వర్క్ ఇంజినీరు:

ఇద్దరు మనుషులుండాలన్న మాటను నేనూ బలపరుస్తాను. నాట్ ప్రశ్నకు జవాబు మిగిలిపోయింది: దాన్ని సరిహద్దు యంత్రాలలో (బయటి లింకులు కలిసే, బీజీపీ నడిపే సర్వర్లు) పెట్టకండి. రెండు అప్‌స్ట్రీమ్‌లున్నప్పుడు ప్యాకెట్ ఒక యంత్రం గుండా వెళ్లి, జవాబు రెండోదాని గుండా రావచ్చు; ఆ కనెక్షన్ వివరం రెండోదానికి తెలియదు కనుక జవాబు అక్కడే పడిపోతుంది. నాట్, పీపీపీఓఈ లోపలి యంత్రాలలో ఉండాలి. ఒక పబ్లిక్ అడ్రసుకు వాడదగిన పోర్టులు (కనెక్షన్లను వేరుచేసే సంఖ్యలు) సుమారు 64 వేలు, ఇంటికి వెయ్యి చొప్పున ముందే కేటాయిస్తే అడ్రసుకు 64 ఇళ్లు వస్తాయి, మీ మూడు వేల ఇళ్లకు యాభై అడ్రసులు చాలు. ఇలా స్థిరంగా కేటాయిస్తే ప్రతి కనెక్షనునూ లాగ్ చేయనక్కరలేదు. లైసెన్సు ప్రకారం రికార్డులు రెండేళ్లు దాచవలసి ఉంటుంది కనుక డిస్కు ఖర్చులో ఇది పెద్ద ఊరట. ఐపీవీ6 (నాట్ అవసరంలేని కొత్త తరం అడ్రసులు) కూడా మొదటి రోజు నుంచే ఇవ్వండి, వీడియోల రద్దీలో మంచి భాగం నాట్ ముట్టకుండానే పోతుంది.

నాచారం ఆపరేటర్:

ఇద్దరికీ ధన్యవాదాలు. సరిహద్దుకు రెండు యంత్రాలు, రెండింటిలోనూ ఎఫ్‌ఆర్‌ఆర్, నాట్ వేరుగా లోపల అని నిర్ణయించుకున్నాము. ముందు రెండో అప్‌స్ట్రీమ్‌ను కలిపి, అది కుదురుకున్నాకే ఎక్స్ఛేంజీ జోలికి వెళతాము.

గచ్చిబౌలి నెట్‌వర్క్ ఇంజినీరు:

మంచి క్రమం. ఎక్స్ఛేంజీలో ప్రతి పొరుగువారికీ గరిష్ఠ ప్రిఫిక్స్‌ల (అడ్రసుల బ్లాకుల) పరిమితి పెట్టాకే బీజీపీ సెషన్ తెరవండి.